మోకాలికి మందు, అరచేతికి నీళ్లు: బండి జారి దోక్కుపోయిన గాయాల కేస్ స్టడీ

జులై నెల, జల్లు పడి వెలిసిన సాయంత్రం. ఉప్పల్ నుంచి బోడుప్పల్ వెళ్లే దారిలో ఇల్లు కడుతున్నవాళ్లు రోడ్డు పక్కన పోసిన కంకర డస్టు వాన నీళ్లకు తారు మీదికి జారింది. ఆ మలుపులో 24 ఏళ్ల డెలివరీ కుర్రాడు ముందు బ్రేకు పట్టాడు. బండి ఎడమ వైపుకు ఒరిగి జారింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు ఏమీ కాలేదు, స్పృహ తప్పలేదు, వాంతి లేదు. ఎడమ మోకాలి చిప్ప కింద ప్యాంటు చిరిగి 6 × 4 సెంటీమీటర్ల మేర చర్మం దోక్కుపోయింది. ఎడమ అరచేతిలో, మణికట్టుకు ఆనుకుని ఉండే దిమ్మ మీద 3 × 2 సెంటీమీటర్లు. రెండూ ఒకే రోడ్డు, ఒకే బురద, ఒకే డస్టు. లోతు కూడా దాదాపు ఒకటే.

పదహారు రోజుల తర్వాత చూస్తే ఆ రెండు గాయాల కథలు పూర్తిగా వేరు. అందుకే ఈ కేసు వివరంగా రాయడం.

మొదటి పావుగంట

అరచేయి బురదతో నిండిపోయి ఫోన్ పట్టుకోవడానికి పనికిరాలేదు. ఆర్డరు సంగతి చెప్పాలి కాబట్టి పక్కనే ఉన్న టీ కొట్టు కుళాయి కింద చెయ్యి పెట్టాడు. బురద ఒక పట్టాన వదల్లేదు. గ్లాసులు కడిగే చోట ఉన్న సబ్బు ముక్కతో రుద్ది, మళ్లీ కడిగి, ఐదు నిమిషాలకు పైగా చెయ్యి ధార కిందే ఉంచాడు. దాని మీద ఎవరూ ఏ మందూ వెయ్యలేదు. చిన్నదే కదా అని వదిలేశారు.

మోకాలి నుంచి రక్తం కారుతోంది కాబట్టి అందరి శ్రద్ధా దాని మీదే. ఒకరు చెంబుడు నీళ్లు పోశారు. ఇంకొకరు పక్క దుకాణం నుంచి క్లోరోజైలినాల్ ద్రావణం (నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే రకం) తెచ్చి, నీళ్లు కలపకుండా సీసాలోంచి నేరుగా దూది మీద ఒంపి, గాయం మీద అదిమి, జేబు రుమాలుతో బిగించి కట్టారు. రాత్రి ఇంట్లో ఆ కట్టు విప్పకుండానే పైనుంచి 10 శాతం పోవిడోన్ అయోడిన్ (గోధుమ రంగులో ఉండే క్రిమినాశక మందు) పోశారు. మర్నాడంతా మంట. మందు పనిచేస్తోంది కాబట్టే మంట అని సరిపెట్టుకున్నాడు. మూడో రోజు ఉదయం, పడిన 38 గంటలకు, కాలు మడవలేక మా డ్రెస్సింగ్ గదికి వచ్చాడు.

ఇక్కడ ఎవరి తప్పూ ఎంచడానికి లేదు. సాయం చేసిన చేతులన్నీ మంచి మనసుతో చేసినవే. వాళ్లకు తెలియనిది ఒక్కటే: గాయాన్ని శుభ్రం చేసేది మందు కాదు, నీళ్లు.

వచ్చినప్పుడు ఏం కనిపించింది

జ్వరం లేదు. గజ్జల్లో బిళ్ళ కట్టలేదు. మోకాలు వంచితే నొప్పి చర్మంలోనే, కీలు లోపల కాదు. చిప్పను నలువైపులా నొక్కి చూస్తే ఎముక నొప్పి లేదు, నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగాడు. చక్కెర జబ్బు లేదు, మందులు పడకపోవడం లేదు.

అరచేతిలో గాయం మీద సన్నని పొర, అంచులు గులాబీ రంగులో, తాకితే కొంచెం నొప్పి. అంతే.

మోకాలి మీద దూది ఎండి, రక్తంతోనూ గోధుమ రంగు మందుతోనూ కలిసి అట్టలా అతుక్కుపోయింది. దాన్ని పీకలేదు. పీకితే 38 గంటల్లో అంచుల నుంచి పాకిన కొత్త చర్మం దూదితో పాటే ఊడొస్తుంది. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గాజు గుడ్డను (కట్లకు వాడే పలుచని వల నేత గుడ్డ) మీద వేసి, ఆరకుండా మళ్లీ మళ్లీ తడుపుతూ 15 నిమిషాలు ఆగితే దూది దానంతట అది వదిలింది. పోగులు మాత్రం గాయంలో మిగిలాయి. పుండు మీద దూది నేరుగా పెట్టొద్దని చెప్పేది ఇందుకే. ప్రతి పోగూ శరీరానికి బయటి వస్తువే, క్రిములకు పట్టు దొరికే చోటే.

కింద చూస్తే ఎరుపు చాలానే ఉంది. కానీ ఆ ఎరుపు ఆకారం చూడాలి. గాయం కోడిగుడ్డు ఆకారంలో ఉంటే, దాని చుట్టూ ఎరుపు నాలుగు పలకలుగా, గీత గీసినట్టు తిన్నని అంచుతో ఉంది. సరిగ్గా దూది ముక్క ఎంత ఉందో అంత. ఆ పలక లోపల, రోడ్డు అసలు తాకని మంచి చర్మం మీద కూడా చిన్న చిన్న నీటి పొక్కులు. క్రిములు చతురస్రంగా పాకవు. అది మందు కాల్చిన మచ్చ, రసాయనపు కాలుడు. గాయానికి కింది మూలలో మాత్రం, బఠాణీ గింజంత మేర పసుపు చీము, దాని మధ్య నల్లగా డస్టు రవ్వలు. అక్కడ నిజంగానే నంజు పట్టింది.

అంటే ఒకే మోకాలి మీద రెండు వేరు వేరు తప్పుల ఫలితాలు పక్కపక్కనే ఉన్నాయి. మందు ఎక్కువై చర్మం కాలింది. నీళ్లు చాలక మట్టి మిగిలి చీము పట్టింది. బయటి నుంచి చూసేవాళ్లకు రెండూ కలిపి "సెప్టిక్ అయింది" అనిపిస్తుంది, ఇంకాస్త గట్టి మందు పోస్తారు, కాలుడు ఇంకా పెరుగుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

ఎరుపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో చుక్కలు పెట్టి, పక్కన టైము రాశాం. 24 గంటల్లో ఎరుపు గీత దాటితే క్రిములు పాకుతున్నట్టు, దాటకపోతే కాలుడే. ఈ పని ఇంట్లోనూ చేసుకోవచ్చు.

శుభ్రం చేసిన తీరు

తాజా గాయమైతే కుళాయి ధార సరిపోయేది. 38 గంటల తర్వాత రవ్వలు గడ్డకట్టిన రసిలో పాతుకుపోయాయి, రుద్దక తప్పదు, రుద్దితే ప్రాణం పోతుంది. కాబట్టి ముందు నొప్పి సంగతి చూడాలి. 2 శాతం లిగ్నోకైన్ జెల్లీ (చర్మానికి తిమ్మిరెక్కించే మందు) 5 మి.లీ. మించకుండా పలుచగా రాసి 15 నిమిషాలు ఆగాం. దోక్కుపోయిన చోట మందు ఒంట్లోకి తొందరగా ఎక్కుతుంది కాబట్టి ఆ కొలత దాటకూడదు. నొప్పి తగ్గించకుండా మొదలుపెడితే రోగి కాలు లాక్కుంటాడు, చేసేవారు జాలిపడి సగంలో ఆపేస్తారు, రవ్వలు లోపలే మిగులుతాయి.

తర్వాత కడగడం. గాయం పొడవు సెంటీమీటరుకు 50 నుంచి 100 మి.లీ. ద్రవం అన్నది లెక్క. 6 సెంటీమీటర్లకు 300 నుంచి 600 మి.లీ. ఇక్కడ మట్టి ఎక్కువ కాబట్టి 500 మి.లీ. సెలైన్ బాటిళ్లు రెండు పట్టాయి. కొలత కంటే గట్టి గుర్తు ఇంకోటుంది: కిందికి కారే నీళ్లు తేటగా వచ్చేదాకా. 20 మి.లీ. సిరంజికి నరానికి సెలైన్ ఎక్కించే 18 గేజ్ క్యాన్యులా ప్లాస్టిక్ గొట్టం మాత్రం (సూది తీసేసి) అమర్చి, గాయానికి 2-3 సెంటీమీటర్ల దూరం నుంచి ఏటవాలుగా కొట్టాం. ధార ఒత్తిడి (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కలో) 5 నుంచి 15 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. అంతకు తగ్గితే రవ్వలు కదలవు, దాటితే మట్టినీ క్రిములనూ కండలోకి నెడుతుంది. చిందే నీళ్లు కంట్లో పడకుండా కళ్లద్దాలు, చేతికి నైట్రైల్ గ్లౌజులు.

ధారకు వదలని రవ్వల కోసం తడి గాజు గుడ్డను వేలికి చుట్టి, మధ్య నుంచి అంచుకు చిన్న చిన్న చుట్లుగా రుద్దాం. ఒకసారి అంచు దాకా వెళ్లిన గుడ్డ మళ్లీ మధ్యకు రాకూడదు, పారేసి కొత్తది తీసుకోవాలి. అప్పటికీ మిగిలిన రవ్వలను సన్నని ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటిగా తీశాం, పదకొండు వచ్చాయి. వాటిలో పెద్దది ఆవగింజంత. చీము మూలలో రవ్వ ఊడగానే దాని వెనక చుక్క చీము బయటికొచ్చి, కింద ఎర్రని శుభ్రమైన కండ కనిపించింది. ఈ పని ఆలస్యమైన కొద్దీ కష్టమవుతుంది. ఒకటి రెండు రోజులు దాటితే చర్మం రవ్వల మీదుగా మూసుకోవడం మొదలుపెడుతుంది, లోపల చిక్కుకున్న తారు, డస్టు పచ్చబొట్టులా నీలి మచ్చలుగా ఉండిపోతాయి.

పొక్కులు చిట్లించలేదు. నోటితో వేసుకునే యాంటీబయాటిక్ వాడాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. చీము ఒక్క మూలకే పరిమితం, జ్వరం లేదు, చీముకు కారణమైన రవ్వ తీసేశాం కాబట్టి మర్నాడు తప్పక వచ్చి చూపించుకోవాలన్న షరతుతో ఆయన రాయలేదు. నొప్పికి పారాసెటమాల్.

టీ కొట్టు దగ్గరే ఏం చేసి ఉండాల్సింది

ముందు రక్తం. శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు, చూసిన ప్రతిసారీ కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. 15 నిమిషాలు అదిమినా ఆగకపోతే, లేదా చిమ్ముతూ వస్తుంటే, అది చిన్న గాయం కాదు. 108కి ఫోన్ చేయాలి.

తర్వాత చేసేవారి చేతులు. సబ్బుతో కడగాలి. గ్లౌజులు లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కున్నా సరే.

తర్వాత నీళ్లు. తాగడానికి పనికొచ్చే నీళ్లు గాయం కడగడానికీ పనికొస్తాయి. చిన్న గాయాలకు శుభ్రమైన కుళాయి నీళ్లకూ సెలైన్‌కూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. హైదరాబాద్‌లో అయితే నేరుగా వచ్చే మంజీర నీళ్లు (నగరపు సరఫరా కుళాయి నీళ్లు), మూత తీయని వాటర్ బాటిల్, కాచి చల్లార్చిన నీళ్లు మంచివి. ఎన్నాళ్లుగానో కడగని సంపు నీళ్లు, వాన నీళ్లు, నాలా పక్క పంపు నీళ్లు వద్దు. సెలైన్ కావాలంటే లీటరు నీళ్లు కాచి, ఒకటిన్నర టీ స్పూను (తల కొట్టినది, సుమారు 9 గ్రాములు) ఉప్పు కలిపి చల్లార్చుకోవచ్చు. 24 గంటలు దాటితే పారబోయాలి.

కుళాయి అందని చోట లీటరు బాటిల్ మూతకు పిన్నుతో ఒక్కటే సన్నని రంధ్రం చేసి, బాటిల్ నొక్కితే మంచి ధార వస్తుంది. రెండు బాటిళ్లు ఖాళీ చేయాలి. చెంబుడు నీళ్లు పైనుంచి ఒంపితే బురద జారుతుంది గానీ రవ్వలు కదలవు. మన కుర్రాడి అరచేయిని కాపాడింది ఆ ఐదు నిమిషాల ధారే. ఫోన్ కోసం చేసిన పని వైద్యం అయింది.

సబ్బు గాయం చుట్టూ చర్మానికి. లోపలికి కాస్త వెళ్లినా ఫరవాలేదు, నీళ్లతో పూర్తిగా వదిలించాలి.

ఇవన్నీ అయ్యాకే మందు మాట. అది కూడా తప్పనిసరి కాదు.

ఏ మందు, ఎంత

క్లోరోజైలినాల్ ద్రావణాన్ని సీసా మీద రాసిన పాళ్లలో పలుచన చేయాలి. 4.8 శాతం రకానికి గాయాల మీద వాడేది 20 పాళ్ల నీళ్లకు 1 పాలు: 100 మి.లీ. నీళ్లకు 5 మి.లీ., అంటే ఒక టీ స్పూను. తుడిచాక నీళ్లతో కడిగేయాలి. తడి దూదిని కట్టు కింద వదిలేయడమే ఈ కేసులో కొంప ముంచింది. మందు ఆరే దారి లేక, గాలి తగలక, రాత్రంతా చర్మాన్ని తింటూ కూర్చుంది. పైన పోసిన పోవిడోన్ అయోడిన్ కూడా అంతే. ఆరితే మేలు చేస్తుంది, కట్టు కింద తడిగా నిలిస్తే కాలుస్తుంది.

పోవిడోన్ అయోడిన్ మంచి మందే. గాయం చుట్టూ చర్మానికి 5 లేదా 10 శాతం రాసి రెండు నిమిషాలు ఆరనివ్వాలి. ఆ రెండు నిమిషాలే క్రిములను చంపే సమయం. గాయం లోపల వాడాలంటే 1 శాతానికి తగ్గించాలి: 10 శాతం ద్రావణం 1 పాలుకు 9 పాళ్ల సెలైన్. రక్తం, చీము, మట్టి ఉన్న చోట అది సగం పని కూడా చేయదు. అయోడిన్ వాటితోనే కలిసి ఖర్చయిపోతుంది. అందుకే కడగకుండా పోస్తే ఎంత పోసినా వృథా. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లకు, పసిబిడ్డలకు డాక్టరును అడగకుండా వద్దు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి చాలామంది క్రిములు చస్తున్నాయనుకుంటారు. మన రక్తంలో, కణాల్లో ఉండే క్యాటలేజ్ అనే ఎంజైము దాన్ని విడగొడితే వచ్చే ఆక్సిజన్ ఆ నురగ. శుభ్రమైన గాయంలో కూడా అంతే పొంగుతుంది. కొత్త చర్మం కట్టే కణాలను దెబ్బతీస్తుంది. మన మెడికల్ షాపుల్లో దొరికేది చాలావరకు 20 వాల్యూమ్స్ రకం, అంటే సుమారు 6 శాతం. మేకు దిగిన లోతైన రంధ్రంలో పోయడం మరీ ప్రమాదం, గ్యాసు బయటికి రాలేక రక్తనాళంలోకి వెళ్లొచ్చు. స్పిరిట్ మంచి చర్మం మీద తప్ప పుండు మీద వద్దు.

పసుపు, కాఫీ పొడి, సున్నం, టూత్‌పేస్టు, పౌడరు మందులు: అన్నిటికీ ఒకటే జవాబు. పొడి ఏదైనా గాయంలో గట్టి అట్ట కడుతుంది, అడుగున చీము దాస్తుంది. పసుపైతే రంగు అంటించి ఎరుపు పెరిగిందో లేదో చూడనివ్వదు కూడా. వంటింటి డబ్బాలో పసుపు కూరకే గానీ పుండుకు కాదు.

కట్టు

గాయాన్ని గాలికి ఆరబెట్టాలన్న నమ్మకం ఇంకా బలంగా ఉంది. పరిశోధకుడు జార్జ్ వింటర్ 1962లో పందుల మీద చేసిన ప్రయోగంలో, పక్కు కట్టనిచ్చిన గాయాల కన్నా పలుచని పొరతో కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. ఎండిన పక్కు కింద చర్మం దారి వెతుక్కోవాలి, తేమ మీద నేరుగా జారుకుంటూ పోతుంది.

మోకాలికి ఒక వరుస పారాఫిన్ గాజు (పుండుకు అంటుకోకుండా జిడ్డు పట్టించిన గుడ్డ), పైన మందపాటి గాజు ప్యాడ్, ఆపైన రోలర్ బ్యాండేజీ. కట్టేటప్పుడు మోకాలు కొంచెం మడిచి ఉంచాలి. చాపిన కాలికి కట్టు కడితే మొదటి మెట్టు ఎక్కగానే జారిపోతుంది. కట్టుకు దిగువన కాలి వేళ్లు చల్లబడినా తిమ్మిరెక్కినా వదులు చేయాలి. మొదటిసారి మర్నాడు, తర్వాత రెండు రోజులకోసారి మార్చాం. చెమటకో వానకో తడిస్తే వెంటనే. తడి కట్టు పుండును నానబెట్టి తెల్లగా మెత్తబరుస్తుంది.

పప్పు, వంకాయ తింటే చీము పడుతుందని ఇంట్లోవాళ్లు ఇతనికి వారం రోజులు చారన్నంతో సరిపెట్టారట. పత్యం అక్కర్లేదు. చర్మం కట్టడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులో, గుడ్డులోనే ఉన్నాయి.

టీటీ సూది లెక్క

ప్రతి గీతకూ టీటీ, ఆరు నెలలు దాటితే మళ్లీ టీటీ అన్నది మన దగ్గర అలవాటుగా మారింది. లెక్క అది కాదు. చిన్నప్పటి డోసులన్నీ పడినవారికి శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు వేసి 10 ఏళ్లు దాటితేనే, మట్టి, పేడ, తుప్పు తగిలిన గాయమైతే 5 ఏళ్లు దాటితేనే బూస్టరు. 2019 నుంచి ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో టీటీ స్థానంలో డిఫ్తీరియా కూడా కలిసిన టీడీ ఇస్తున్నారు. ఈ కుర్రాడికి చిన్నప్పటి కార్డు పూర్తిగా ఉంది, చివరిది 16వ ఏట. అంటే 8 ఏళ్లు, గాయం మురికిది. టీడీ ఇచ్చాం. డోసులు పడ్డాయో లేదో తెలియనివారికి, మురికి గాయమైతే టీకాతో పాటు టెటనస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ (ధనుర్వాతానికి సిద్ధంగా తయారైన ప్రతిరక్షకాల సూది) 250 యూనిట్లు కూడా అవసరం. అది ఆస్పత్రిలోనే.

ఇదే చోట ఒక సంగతి అడగడం మరవకూడదు: గాయాన్ని వీధి కుక్క నాకిందా? దోక్కుపోయిన చర్మాన్ని నాకితే అది కరిచినంత పనే, రేబిస్ లెక్కలో మూడో కేటగిరీ. వెంటనే సబ్బు, ధారగా నీళ్లతో 15 నిమిషాలు కడిగి, కట్టు కట్టకుండా, టీకాకు అదే రోజు వెళ్లాలి. నగరంలో నారాయణగూడ ఐపీఎం (ఇన్స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ అందరికీ తెలిసిన చోట్లే. ఈ కేసులో కుక్క ప్రసక్తి లేదు. అడిగి, లేదని రాసుకున్నాం.

తర్వాతి రోజులు

మర్నాడు ఎరుపు పెన్ను చుక్కలు దాటలేదు, చీము మళ్లీ పట్టలేదు. ఎప్పుడు పరుగెత్తుకు రావాలో కాగితం మీద రాసిచ్చాం: 48 గంటల తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం, ఎరుపు గీత దాటడం, పైకి ఎర్రని చారలు పాకడం, గజ్జల్లో బిళ్ళ, 100.4 డిగ్రీల జ్వరం, మోకాలు లోపల వాచి మడత పడకపోవడం. చక్కెర జబ్బు ఉన్నవాళ్లయితే ఇవేవీ కనిపించేదాకా ఆగకూడదు, పాదం మీద చిన్న గీతైనా మొదటి రోజే చూపించుకోవాలి.

అరచేయి 7వ రోజుకు పూర్తిగా మూసుకుంది. మోకాలి మీద గాయం పైభాగం 10వ రోజుకు, కాలిన పలక 13వ రోజుకు, చీము పట్టిన మూల 16వ రోజుకు మూసుకున్నాయి. 11 రోజులు బండి ఎక్కలేదు, రోజు కూలి పోయినట్టే. అరచేతి గాయం ఒక్కటే అయి ఉంటే నాలుగైదు రోజుల్లో పనిలోకి వెళ్లేవాడు.

16వ రోజు చూపులో మోకాలి కింద కొత్త చర్మం అడుగున రెండు చుక్కలు నీలంగా మిగిలాయి. మొదటి రోజు ధారకు ఇట్టే వదిలిపోయే రవ్వలవి. ఇప్పుడు వాటిని తీయాలంటే చర్మ వైద్యుడి దగ్గర లేజరే దారి. చీటీ రాసిచ్చి పంపాం.